డిప్‌స్టిక్ మీద నలుపు: ఇంజన్ ఆయిల్ రంగు చెప్పేదెంత, చెప్పనిదెంత

కారు సర్వీసింగ్ అయి పది రోజులు కూడా కాలేదు. బానెట్ ఎత్తి, ఆయిల్ మట్టం చూసే కడ్డీని, అంటే డిప్‌స్టిక్‌ను లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీస్తే ఆయిల్ నల్లగా కనిపిస్తుంది. డబ్బాలోంచి పోస్తున్నప్పుడు తేనెలా మెరిసిన ఆయిల్ ఇదేనా అనిపిస్తుంది. డీజిల్ కారున్నవాళ్ళలో చాలామందికి ఇది తెలిసిన అనుభవమే. ఆ వెంటనే వచ్చే అనుమానం కూడా అందరిదీ ఒకటే: షెడ్డులో అసలు ఆయిల్ మార్చారా, బిల్లు వేసి పాతదే వదిలేశారా? ఆ అనుమానం మీద గొడవలు జరుగుతాయి, ఏళ్ళుగా చూస్తున్న మెకానిక్‌ను మార్చేస్తారు, ఇంకా వేల కిలోమీటర్లు పనికొచ్చే ఆయిల్‌ను దించి పారబోస్తారు. ఇంకో పక్క సీఎన్‌జీ కారు నడిపే డ్రైవరు డిప్‌స్టిక్ చూసుకుని, ఆయిల్ ఇంకా కొత్తదానిలా ఉంది కదా, ఇంకో నెల లాగొచ్చులే అనుకుంటాడు. మొదటివాళ్ళకు పోయేది డబ్బు. రెండోవాళ్ళకు పోయేది ఇంజన్.

ఆయిల్ రంగు ఆ ఆయిల్ ఇప్పటిదాకా ఏం మోసిందో చెబుతుంది. ఇంకా ఎంత సత్తువ మిగిలి ఉందో చెప్పదు. నలుపు విషయంలో ఈ తేడా తెలియకే సగం టెన్షన్. అలాగని డిప్‌స్టిక్ చూడటం దండగ అని కాదు. నిజంగా భయపడాల్సిన మార్పులు కొన్ని ఉన్నాయి. ఆయిల్ మజ్జిగలా తెల్లబడటం, అందులో లోహపు మెరుపు కనిపించడం, పోయకుండానే మట్టం పెరగడం లాంటివి. వాటిని పట్టుకోవడానికైనా నెలకోసారి చూడాల్సిందే.

చూసే పద్ధతి దగ్గరే మొదటి పొరపాటు జరుగుతుంది. ఫిల్టర్ కాఫీ డికాషన్ గిన్నెలో ఉన్నప్పుడు నల్లగా ఉంటుంది. అదే డికాషన్ ఒక చుక్క తెల్లటి సాసర్ మీద పడితే గోధుమ రంగులో కనిపిస్తుంది. పొర పలచనైతే వెలుతురు దాటిపోతుంది, మందమైతే ఆగిపోతుంది, అంతే. డిప్‌స్టిక్‌కు అంటేది ఆయిల్ పలచటి పొర. పాత ఆయిల్ దించడానికి ఇంజన్ అడుగున ఉండే డ్రెయిన్ బోల్ట్ విప్పినప్పుడు ట్రేలో నిండేది రెండు మూడు అంగుళాల లోతు. అందుకే డిప్‌స్టిక్ మీద ముదురు గోధుమ రంగులో ఉన్న పెట్రోల్ కారు ఆయిల్ ట్రేలో పడగానే బొగ్గులా కనిపిస్తుంది. ఆ ట్రేను చూపించి, ఎంత పాడైపోయిందో చూడండి సార్ అంటే నమ్మని ఓనరు ఉండడు. ఆ ట్రేలో అంత లోతున పోస్తే, సగం వయసు మాత్రమే అయిన ఆయిల్ కూడా అలాగే కనిపిస్తుంది.

కాబట్టి రంగు పోల్చాలంటే ఒకే రకంగా చూడాలి. కారు చదునైన చోట ఆపి, ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు కట్టేసి, ఆయిల్ అంతా ఇంజన్ అడుగున అది నిలిచే చాంబర్లోకి దిగడానికి ఐదు పది నిమిషాలు ఆగాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడమని కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటే అలాగే చేయాలి. మొదటిసారి లాగినప్పుడు గొట్టం గోడలకు అంటిన ఆయిల్ కూడా వస్తుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. తుడిచి రెండోసారి ముంచి, తెల్లటి కాగితం మీద ఒక చుక్క వేసి, పగటి వెలుతురులో చూడాలి. షెడ్డులో పసుపు బల్బు కింద చూసిన రంగు వేరు, ఇంటి ముందు ఎండలో చూసిన రంగు వేరు.

డీజిల్: కాటుక కథ

ఇంట్లో కాటుక చేయడం చూసినవాళ్ళకు డీజిల్ ఆయిల్ సంగతి విడమర్చి చెప్పాల్సిన పని లేదు. ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించి, దానికి పట్టిన మసిని గీకి, రెండు చుక్కల ఆముదమో నెయ్యో వేసి రంగరిస్తారు. మసి చిటికెడే, నలుపు మాత్రం కంటినిండా. డీజిల్ ఇంజన్లో జరిగేది ఇదే పని. డీజిల్ గాలితో పూర్తిగా కలిసేలోపే మండటం మొదలవుతుంది. గాలి అందని చోట ఇంధనం పూర్తిగా కాలక మసిగా మిగులుతుంది. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్ దారి పడుతుంది. కొంత సిలిండర్ గోడల మీదున్న ఆయిల్ పొరలో చిక్కుకుని, పిస్టన్ రింగుల పక్కనుంచి జారి కింద చాంబర్లోకి చేరుతుంది.

ఒక్కసారి మండినప్పుడు చేరే మసి లెక్కలోకి రానంత తక్కువ. కానీ ఎన్నిసార్లు మండుతుందో చూడాలి. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే, సిలిండర్లన్నీ కలిపి నిమిషానికి 4000 సార్లు ఇంధనం మండుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు నాలుగున్నర గంటల ప్రయాణం అనుకుంటే, ఒక్క ట్రిప్పులోనే అది 10 లక్షలు దాటుతుంది. దానికితోడు పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి కాలిన పొగలో కొంత భాగాన్ని మళ్ళీ సిలిండర్లోకే పంపే ఈజీఆర్ ఏర్పాటు ఉంటుంది. గాలికి మంచిదే, కానీ దానివల్ల ఆయిల్‌లో చేరే మసి పెరుగుతుంది.

మరి ఆయిల్ ఫిల్టర్ ఏం చేస్తున్నట్టు? మసి రేణువు ఒక్కొక్కటి 20 నుంచి 50 నానోమీటర్లు ఉంటుంది. నాలుగైదు కలిసి గొలుసులా కట్టుకున్నా వంద, రెండు వందల నానోమీటర్ల దగ్గరే ఆగుతుంది. కారు ఆయిల్ ఫిల్టర్ గట్టిగా పట్టుకునేది 20, 30 మైక్రాన్ల రేణువులను. మైక్రాన్ అంటే 1000 నానోమీటర్లు. చేపల వల వేసి దోమలు పట్టినట్టే ఉంటుంది. ఫిల్టర్ అడ్డుకోవాల్సింది లోహపు ముక్కలు, గట్టిపడిన మడ్డి, ఇసుక రేణువుల లాంటివి. మసిని పట్టడం దాని పని కాదు.

మసిని చూసుకునేది ఆయిల్‌లోనే కలిపి ఉన్న మందులు. డబ్బాలోని ఆయిల్‌లో పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఇలాంటి రసాయనాలే ఉంటాయి. వాటిలో డిస్పర్సెంట్ అనేది ప్రతి మసి రేణువునూ విడిగా చుట్టుకుని, పక్కదానితో అంటుకోకుండా ఆయిల్‌లో తేలేలా ఉంచుతుంది. డిటర్జెంట్ అనేది వేడి లోహం మీద మడ్డి పేరుకోకుండా చూస్తూ, మండినప్పుడు పుట్టే ఆమ్లాలను చంపుతుంది. సర్ఫు నీళ్ళలో బట్టలు నానబెట్టి, గంట తర్వాత బకెట్లో నీళ్ళు నల్లబడితే సర్ఫు పాడైందని ఎవరూ అనరు. మురికి బట్టను వదిలి నీళ్ళలోకి వచ్చిందని సంతోషిస్తారు. డీజిల్ ఆయిల్ నల్లబడటం కూడా అలాంటిదే. నల్లబడకపోతేనే అనుమానించాలి. ఆ మసి ఆయిల్‌లో లేదంటే పిస్టన్ గాడుల్లోనో ఆయిల్ దారుల్లోనో పేరుకుంటున్నట్టు.

పది రోజులకే నల్లబడటానికి ఇంకో కారణం కూడా ఉంది. డ్రెయిన్ బోల్ట్ విప్పి ఎంతసేపు కారనిచ్చినా పాత ఆయిల్ మొత్తం దిగదు. ఇంజన్ పై భాగమైన హెడ్‌లో, సన్నటి దారుల్లో, ఆయిల్ కూలర్లో, టర్బోలో కొంత నిలిచిపోతుంది. అందులో ఉన్న మసి కొత్త ఆయిల్‌లో కలవడానికి ఇంజన్ ఒక్క నిమిషం తిరిగితే చాలు. అందుకే కొన్ని డీజిల్ కార్లలో ఆయిల్ మార్చి, షెడ్డు గేటు దాటకముందే డిప్‌స్టిక్ తీసినా తేనె రంగు కనిపించదు. చాలాకాలం సరిగ్గా సర్వీసింగ్ లేని సెకండ్ హ్యాండ్ కారు కొని మంచి ఆయిల్ పోయిస్తే ఇంకా తొందరగా నల్లబడుతుంది, ఎందుకంటే కొత్త డిటర్జెంటు ఏళ్ళ నాటి మురికిని కడుగుతుంటుంది. అలాంటి కారుకు మొదటి రెండు మార్పులూ 3000, 4000 కిలోమీటర్లకే చేయించడం తెలివైన పని.

ఫియట్ నుంచి వచ్చిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్ మన రోడ్ల మీద ఎంతగా తిరిగిందో చెప్పక్కర్లేదు. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, విస్టా, పుంటో అన్నిట్లో అదే. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేసినా, ఆ ఇంజన్లున్న బండ్లు ట్యాక్సీలుగా, ఇంటి బండ్లుగా ఇంకా తిరుగుతున్నాయి. ఆ ఇంజన్లో ఆయిల్ నల్లబడటం గురించి ఓనర్లు పడే బాధలో పావు వంతైనా ఆయిల్ మట్టం మీద పెడితే బాగుండు. అందులో టైమింగ్ చెయిన్‌ను బిగుతుగా పట్టి ఉంచేది ఆయిల్ ఒత్తిడే. మట్టం డిప్‌స్టిక్ మీద కనీస మట్టాన్ని చూపే కింది గీత దాటి పడిపోతే చెయిన్ వదులై, పళ్ళు తప్పితే ఇంజన్ విప్పాల్సి వస్తుంది. నల్లటి ఆయిల్ పై గీత దగ్గర ఉంటే బండికి వచ్చిన ముప్పేమీ లేదు. తేనె రంగు ఆయిల్ కింది గీతకు దిగువన ఉంటే మాత్రం బండి తీయకూడదు.

అయితే నలుపుకు కూడా ఒక హద్దు ఉంది. డిస్పర్సెంట్ అయిపోయాక చుట్టడానికి మందు మిగలదు. మసి రేణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్దలవుతాయి, ఆయిల్ చిక్కబడుతుంది, ఆ ముద్దలు క్యామ్‌షాఫ్ట్ లాంటి చోట్ల సానరాయిలా లోహాన్ని అరగదీస్తాయి. ఈ దశ డిప్‌స్టిక్ మీద నలుపులో తెలియదు, ఎందుకంటే నలుపు ఎప్పుడో నిండిపోయింది. అది తెలిసేది ఆయిల్ పోసే మూత విప్పి, లోపలికి టార్చ్ వేసి చూసినప్పుడు. లోహం మీద లేత గోధుమ రంగు పూత కనిపిస్తే అది వయసుతో వచ్చేదే. వేలితో గీస్తే ఊడొచ్చే నల్లటి జిగురు, తారులాంటి ముద్ద కనిపిస్తే ఆ ఇంజన్ ఆయిల్ మార్పులు తప్పిందని అర్థం. వాడిన కారు కొనేటప్పుడు ఓడోమీటర్ కంటే ముందు చూడాల్సింది ఈ మూత కిందే.

పెట్రోల్: బజ్జీల నూనె

పెట్రోల్ ఇంజన్లో, ముఖ్యంగా పాత పద్ధతిలో ఇన్‌టేక్ దారిలోకి పెట్రోల్ చిమ్మే ఇంజన్లలో, మసి తక్కువ. అక్కడ రంగు మార్చేది ఎక్కువగా వేడి. సాయంత్రం బండి మీద మిరపకాయ బజ్జీలు వేసే బాణలి చూస్తే చాలు. మధ్యాహ్నం పోసినప్పుడు పచ్చగా ఉన్న నూనె రాత్రి తొమ్మిదింటికి ముదురు ఎరుపు తిరిగి, కాస్త చిక్కబడి, వాసన మారుతుంది. వేడిలో గాలి తగిలి నూనె ఆక్సీకరణ చెందుతుంది. ఇంజన్ చాంబర్లో ఆయిల్ మామూలుగా 90 నుంచి 120 డిగ్రీల దగ్గర ఉంటుంది. టర్బో బేరింగుల దగ్గర, పిస్టన్ రింగుల దగ్గర ఇంకా ఎక్కువ. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఆక్సీకరణ వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది రసాయన శాస్త్రంలో ఎప్పటినుంచో వాడుకలో ఉన్న లెక్క. పైగా అరుగుదల తగ్గించడానికి కలిపే జింకు, భాస్వరం, గంధకం ఉన్న మందులు పని చేసే క్రమంలో వేడికి తామే రంగు మారతాయి. అంటే ఆయిల్ కాస్త ముదురు రంగు తిరగడం కొన్నిసార్లు మందు పని చేస్తోందనడానికే గుర్తు.

మామూలు పెట్రోల్ కారులో మొదటి రెండు వేల కిలోమీటర్లు ఆయిల్ తేనె రంగులోనే ఉంటుంది. ఐదారు వేలకు బెల్లం పాకం రంగుకు వస్తుంది. మార్చే సమయానికి, అంటే చాలా కార్లకు చెప్పే 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది దగ్గర, డికాషన్ రంగులో ఉండి కూడా డిప్‌స్టిక్ గీతలు దానిలోంచి కనిపిస్తూ ఉంటాయి. ఇప్పుడొస్తున్న చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్లోకే చిమ్మే రకాలు ఉన్నాయి. వాటిలో డీజిల్‌లాగే మసి పుడుతుంది కాబట్టి మూడు వేలకే నల్లబడినా ఆశ్చర్యం లేదు. పాత కారు అలవాటుతో వాటిని పోల్చుకోకూడదు.

కిలోమీటర్ల లెక్క కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. హైవే మీద గంటకు 60 కిలోమీటర్ల సగటుతో తిరిగే కారు 10,000 కిలోమీటర్లకు ఇంజన్‌ను 167 గంటలు నడుపుతుంది. ఊళ్ళో ట్రాఫిక్‌లో గంటకు 20 కిలోమీటర్ల సగటుతో తిరిగే కారుకు అదే 10,000 కిలోమీటర్లకు 500 గంటలు పడుతుంది. సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడ్డ ప్రతి నిమిషం ఆయిల్ వేగుతూనే ఉంటుంది, మీటరు మాత్రం కదలదు. రెండు కార్లూ ఒకే మోడల్, ఒకే ఆయిల్, ఒకే రీడింగ్. అయినా రెండో కారు ఆయిల్ చిక్కటి రంగులో ఉండటంలో మెకానిక్ తప్పేమీ లేదు. దుమ్ము, ట్రాఫిక్, చిన్న చిన్న దూరాలు ఎక్కువగా ఉంటే గడువు తగ్గించమని కారుతో వచ్చిన పుస్తకంలోనే రాసి ఉంటుంది. మన నగరాల్లో తిరిగే కార్లలో ఎక్కువ భాగం ఆ కోవలోకే వస్తాయి.

సీఎన్‌జీ: శుభ్రంగా కనిపించే మోసం

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. సహజ వాయువులో ప్రధానంగా ఉండేది మీథేన్. ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్‌లు ఉన్న చిన్న అణువు అది. గాలితో బాగా కలిసిపోయి మండుతుంది కాబట్టి మసి దాదాపు రాదు. ద్రవ ఇంధనం కాదు కాబట్టి ఆయిల్‌లోకి జారి పలచన చేసేదీ ఉండదు. ఫలితంగా ఏడెనిమిది వేల కిలోమీటర్ల తర్వాత కూడా డిప్‌స్టిక్ మీద ఆయిల్ బంగారు రంగులో కనిపిస్తుంది. చూసినవాళ్ళు ఆయిల్ మార్చడానికి డబ్బులు దండగ అనుకోవడం సహజం.

కానీ ఆయిల్‌ను పాడు చేసేది మసి ఒక్కటే కాదు. సీఎన్‌జీ మంటలో కూడా గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. అవి రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్‌తో కలిసి దాన్ని లోపల్లోపలే చిక్కబరుస్తాయి, లోహం మీద వార్నిష్‌లాంటి పూత పట్టిస్తాయి. ఆమ్లాలు పుడతాయి. ఆ ఆమ్లాలను చంపే శక్తిని ల్యాబ్‌లో టీబీఎన్ అనే అంకెతో కొలుస్తారు. కొత్త డబ్బా తెరిచినప్పుడు అది పెట్రోల్ కారు ఆయిల్‌లో మామూలుగా 6 నుంచి 10 మధ్య ఉంటుంది. ఇంజన్ నడిచే కొద్దీ తగ్గుతూ వస్తుంది. ఈ తగ్గడానికి రంగంటూ ఏమీ లేదు. బంగారు రంగు ఆయిల్‌లో టీబీఎన్ అడుగంటి ఉండొచ్చు, బొగ్గు రంగు డీజిల్ ఆయిల్‌లో సగానికి పైగా మిగిలి ఉండొచ్చు.

రోజుకు 200 కిలోమీటర్లు తిరిగే సీఎన్‌జీ ట్యాక్సీ 50 రోజుల్లో 10,000 కిలోమీటర్లు దాటేస్తుంది. ఆ డ్రైవరు రంగును నమ్మి ఇంకో నెల ఆగితే అప్పటికి 16,000. ఖర్చు మిగిలిందనుకున్న ఆ నెల తర్వాత వాల్వుల దగ్గరో, రింగుల దగ్గరో తేలే బిల్లు ఆయిల్ మార్పు ఖర్చుకు ఎన్నో రెట్లు ఉంటుంది. సీఎన్‌జీ కారుకు డిప్‌స్టిక్ మట్టం కోసం చూడాలి, ఆయిల్ మార్చే రోజు కోసం మీటరు చూడాలి. రంగును ఈ రెండింటికీ వాడకూడదు.

ఏడాదికి మూడు వేలు కూడా తిరగని, పండగలకు మాత్రమే బయటికి తీసే పెట్రోల్ కారుదీ ఇలాంటి పరిస్థితే. రంగు చక్కగా ఉంటుంది, లోపల తేమ, ఆమ్లం పేరుకుంటూ ఉంటాయి. ఏడాది గడువు పెట్టింది ఇందుకే.

తెలుపు కనిపిస్తే

పెట్రోల్ మండితే నీళ్ళు పుడతాయన్న సంగతి చాలామందికి తట్టదు. లెక్క వేస్తే ఒక లీటరు పెట్రోల్ పూర్తిగా మండినప్పుడు దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా తయారవుతుంది. అందులో కొంచెం రింగులు దాటి చాంబర్లోకి వస్తుంది. ఇంజన్ బాగా వేడెక్కితే అది మళ్ళీ ఆవిరై, గాలి పైపు దారిలో బయటికి పోతుంది. రోజూ రెండు కిలోమీటర్ల దూరంలోని బడి దగ్గర పిల్లల్ని దింపి, ఇంటికొచ్చి కట్టేసే కారులో ఆయిల్‌కు అంత వేడి అందదు. తేమ పైన ఉండే చల్లటి మూత కింద పట్టి, ఆయిల్‌తో కలిసి, వెన్నలాంటి లేత పసుపు ముద్దగా మారుతుంది. మన దగ్గర ఇది వానాకాలంలో, చలికాలంలో అక్కడక్కడ కనిపిస్తుంది. అమెరికాలో మిన్నెసోటా, మిషిగన్ లాంటి చలి రాష్ట్రాల్లో ఉంటున్న మనవాళ్ళకు జనవరిలో ఇది మామూలే.

ఆ ముద్ద మూతకు మాత్రమే ఉండి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే భయం లేదు. మూత తుడిచి, కారును అరగంటకు పైగా ఆగకుండా హైవే మీద నడిపితే తగ్గిపోతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిలే పాలు కలిపిన టీలా కనిపిస్తే మాత్రం కథ వేరు. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, ఆయిల్‌లో కలుస్తోందన్నమాట. హెడ్‌కూ దాని కింది భాగానికీ మధ్య సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు, ఆయిల్ కూలర్ లోపల చీలి ఉండొచ్చు. కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతూ, డిప్‌స్టిక్ మీద పెరుగుతూ ఉంటే ఇక సందేహమే లేదు. ఆ స్థితిలో షెడ్డు దాకా నడుపుకుంటూ వెళ్దామనుకోకూడదు. నీళ్ళు కలిసిన ఆయిల్ బేరింగుల దగ్గర పొరగా నిలవదు, పది కిలోమీటర్లలో క్రాంక్ షాఫ్ట్ పాడవ్వొచ్చు. బండిని లాగించుకెళ్ళడమే.

2024 సెప్టెంబర్ మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు, వేల బండ్లు నీళ్ళలో ఉండిపోయాయి. నీళ్ళు దిగాక చాలామంది చేసిన మొదటి పని తాళం తిప్పి చూడటం. మునిగిన బండిలో నీళ్ళు ఎయిర్ ఫిల్టర్ దారిలో, డిప్‌స్టిక్ గొట్టం దారిలో, గాలి పైపు దారిలో లోపలికి చేరతాయి. నీరు ఆయిల్ కంటే బరువు కాబట్టి చాంబర్ అడుక్కి దిగుతుంది. తాళం తిప్పని బండి డ్రెయిన్ బోల్ట్ విప్పితే ముందు బురద నీళ్ళు ధార కడతాయి, అవి ఆగాక ఆయిల్ తన రంగులో తాను వస్తుంది. రెండూ ఇంకా విడివిడిగానే ఉన్నాయి. ఆ బండి బతుకుతుంది. తాళం తిప్పిన బండిలో బోల్ట్ విప్పగానే మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా చిలికిన మజ్జిగే. ఆయిల్ పంపు దాన్ని ఇంజన్ అంతా తిప్పేసి ఉంటుంది. సిలిండర్లోకి నీళ్ళు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోయి కూడా ఉంటుంది. అలా తాళం తిప్పడం వల్ల జరిగిన నష్టానికి, విడిగా ఇంజన్ ప్రొటెక్షన్ తీసుకోకపోతే, మామూలు బీమా సాధారణంగా వర్తించదు. మునిగిన బండికి ముందు బ్యాటరీ వైరు పీకాలి, తర్వాత బోల్ట్ విప్పాలి.

మెరుపు, నురగ, మట్టం

కొత్త కారు మొదటి వెయ్యి రెండు వేల కిలోమీటర్లలో ఆయిల్ కాస్త బూడిద రంగుగా, ఎండలో సన్నటి తళుకుతో కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. కొత్త భాగాలు ఒకదానికొకటి సర్దుకునేటప్పుడు రాలే లోహపు పొడి అది. పాతబడ్డ ఇంజన్లో మాత్రం తళుకు మంచిది కాదు. వేళ్ళ మధ్య రుద్దితే గరుకుగా తగిలినా, కంటికి కనిపించే రేకులు ఉన్నా ఏదో భాగం అరుగుతున్నట్టే. అయస్కాంతానికి అంటితే ఇనుము. అంటకుండా రాగి, వెండి రంగుల్లో మెరిస్తే బేరింగుల అనుమానం ఎక్కువ.

డిప్‌స్టిక్ మీద సన్నటి బుడగలు నిలిచి ఉంటే చాలాసార్లు కారణం ఆయిల్ ఎక్కువ పోయడమే. పై గీత దాటిన ఆయిల్‌ను క్రాంక్ షాఫ్ట్ కవ్వంలా చిలుకుతుంది. మంచిదే కదా అని అదనంగా అర లీటరు పోసే అలవాటు మానుకోవాలి.

బీఎస్-6 కాలుష్య నిబంధనల ప్రకారం తయారైన డీజిల్ కార్లలో ఇంకో కొత్త లక్షణం వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన ఈ కార్లలో పొగ గొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. అది నిండినప్పుడు అందులోని మసిని కాల్చడానికి చాలా కార్లలో ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. ఊళ్ళోనే తిరిగే కారులో ఈ కాల్చే పని మధ్యలోనే ఆగిపోతూ, మళ్ళీ మళ్ళీ మొదలవుతూ ఉంటే, ఆ డీజిల్లో కొంత సిలిండర్ గోడల వెంట ఆయిల్‌లోకి జారుతుంది. రంగు ఎలాగూ నలుపే కాబట్టి కంటికి ఏమీ తెలియదు. తెలిసేది మట్టంలో. సర్వీసింగ్ నాడు పై గీత దగ్గర ఆగిన ఆయిల్ రెండు మూడు నెలలకు గీత దాటి పైకి వచ్చి ఉంటుంది. వాసన చూస్తే డీజిల్ గుప్పుమంటుంది, చుక్క వేలి మీద నీళ్ళలా జారుతుంది. కారు ఆయిల్ తాగడం లేదు, పైగా పెరిగింది అని సంతోషించే విషయం కాదిది. పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు, వెంటనే మార్పించాలి.

కాగితం మీద చుక్క

రంగు చెప్పలేనిది కొంతవరకు కాగితం చెబుతుంది. రైల్వే డీజిల్ లోకో షెడ్లలో ఎప్పటినుంచో ఆయిల్ నమూనాలు తీసి ల్యాబ్‌లో పరీక్షించే పద్ధతి ఉంది. వందల లీటర్ల ఆయిల్ పట్టే ఇంజన్ అది, రంగు చూసి పారబోస్తే కుదరదు. ఇనుము, రాగి, సీసం ఎంతెంత చేరాయో చూసి, ఏ భాగం అరుగుతోందో ఇంజన్ విప్పకుండానే పసిగడతారు. సిలికాన్ పెరిగితే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము వస్తోందని అర్థం. ఇంటి కారుకు అంత చేయలేకపోయినా, ఆయిల్ పరీక్షల్లో అన్నిటికంటే సులువైన చుక్క పరీక్షను ఇంట్లోనే చేసుకోవచ్చు.

బండి కాసేపు నడిచాక, డిప్‌స్టిక్ చివరి నుంచి ఒకే ఒక్క చుక్క వడపోత కాగితం మీద పడనివ్వాలి. కాఫీ ఫిల్టర్ కాగితమైనా సరిపోతుంది. కాగితం మధ్య భాగం కింద ఏదీ తగలకుండా గ్లాసు మూతి మీద పెట్టి, రాత్రంతా కదపకుండా ఉంచాలి. తెల్లారేసరికి చుక్క గుండ్రంగా పరుచుకుని ఉంటుంది. మధ్యలో ముదురుగా ఉండి, అంచుకు పోయేకొద్దీ మెల్లగా పలచబడుతూ పోతే, డిస్పర్సెంట్ ఇంకా మసిని మోసుకుని తిరుగుతోందని అర్థం. ఆ ఆయిల్ ఎంత నల్లగా ఉన్నా పని చేస్తోంది. మసి అంతా మధ్యలో ఒక నల్లటి బొట్టుగా ఆగిపోయి, దాని చుట్టూ గీత గీసినట్టు అంచు కట్టి, బయట ఖాళీ నూనె మరక మాత్రమే ఉంటే, మసిని మోసే శక్తి అయిపోయింది. బయటి అంచున లేత రంగు వలయం వెడల్పుగా పరుచుకుంటే ఇంధనం కలిసిందని అనుమానించాలి. అంచు గుండ్రంగా లేకుండా వంకరటింకరగా చీలితే నీటి తేమ.

సీఎన్‌జీ కారుకు ఈ పరీక్ష పెద్దగా పనికిరాదు, మోయడానికి మసి లేదు కాబట్టి. టీబీఎన్‌ను ఇది ఏ కారుకూ చెప్పదు. అందుకే గడువు లెక్కను పక్కన పెట్టడానికి దీన్ని వాడకూడదు. దీని అసలు ఉపయోగం పోలికలో ఉంది. ఆయిల్ మార్చిన మర్నాడు ఒక చుక్క, ఆ తర్వాత ప్రతి వెయ్యి కిలోమీటర్లకు ఒక చుక్క వేసి, పక్కన తేదీ, రీడింగ్ రాసి సర్వీస్ పుస్తకంలో పెట్టుకోవాలి. మొదటి గడువు పూర్తయ్యేసరికి ఆ కారు తన పద్ధతిలో తాను ఎలా నల్లబడుతుందో పదో పన్నెండో చుక్కల వరసలో కనిపిస్తుంది. తర్వాతి గడువులో ఆరు వేల చుక్క కిందటిసారి తొమ్మిది వేల చుక్కలా కనిపించిందంటే, ఆ పేజీ తెరిచి మెకానిక్‌కు చూపించాలి. ఇంజెక్టరో, ఈజీఆరో, ఎయిర్ ఫిల్టరో, ఎక్కడ వెతకాలో ఆయన అక్కడి నుంచి మొదలుపెట్టగలడు.